పేరాల ఇంట్లో యుకలేలే: కొన్ని డైరీ పేజీలు

నవంబర్ 18, 2023, శనివారం

చీరాల పక్కన పేరాలలో మా ఇంటికి యుకలేలే వచ్చింది, హవాయి దీవుల నాలుగు తీగల వాయిద్యం. మామూలుగా దొరికే నాలుగు సైజుల్లో అన్నిటికన్నా చిన్నది, సొప్రానో. తల నుంచి అడుగు దాకా 21 అంగుళాలు. అర కిలో బరువు కూడా లేదు. ఖరీదు పదివేల లోపు. ప్లైవుడ్‌తో చేసినవి ఇందులో మూడో వంతుకే వస్తాయి. నేను కావాలనుకున్నది మొత్తం అసలు చెక్కతో చేసినది. పైపలక, వీపు, పక్కలు అన్నీ మహాగని అని చెప్పి అమ్మారు.

వాయించకముందే ఆ మాట నిజమో కాదో చూడాలనిపించింది. చూసే పద్ధతి తేలిక. పైపలక మధ్యనున్న గుండ్రటి రంధ్రం అంచు చూడాలి. పైన కనిపించే చెక్క చారలు అంచు మీదుగా మడిచినట్టు లోపలికి దిగిపోతే అది ఒకే చెక్క. అంచులో పొరలు కనిపిస్తే ప్లైవుడ్. ఫోన్ లైటు వేసి చూశాను. చారలు దిగాయి. వీపు చెక్క మీద ఒకచోట ముదురు చార ఉంది. లోపల్నుంచి చూస్తే సరిగ్గా అదే చోట అదే చార. వీపుకి ఒకే దిమ్మెను నిలువునా రెండుగా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పరిచి, నడుమ అతికారు. ఎడమ సగంలో ఉన్న మచ్చ కుడి సగంలో అద్దంలో కనిపించినట్టు ఉంది.

రంధ్రం దగ్గర ముక్కు పెడితే పచ్చి చెక్క వాసన. ఈ రాత్రికి ఇంతే. శృతి రేపు.

నవంబర్ 19, ఆదివారం

శృతి చేశాను. పైనుంచి కిందికి జి, సి, ఇ, ఎ. పైతీగ మంద్ర స్వరం కాదు, రెండో తీగ కన్నా హెచ్చు. వీణకు అలవాటుపడిన చేతికి ఇది మొదట తికమకే. బొటనవేలు మంద్రం కోసం పైకి వెళితే అక్కడ మంద్రం లేదు. అన్నిటికన్నా కింది స్వరం రెండో తీగ మీద ఉంది, హార్మోనియం మీద ఒకటో శృతి. దానికి దిగువ ఈ వాయిద్యంలో ఏమీ లేదు.

మెట్ల కొసలు మెడ పక్కన గరుకుగా తగులుతున్నాయి. ఎక్కడో పొడి గోదాములో చాలాకాలం ఉండి ఉంటుంది. చెక్క కుంచించుకుంటుంది, లోహపు మెట్టు కుంచించుకోదు, కొసలు బయటికి వస్తాయి. చీరాల తేమ గాలి తగిలితే కొంత తగ్గాలి.

సాయంత్రం పక్కింటి బాబాయ్ వచ్చాడు. నలభై ఏళ్ళుగా గుంటమగ్గం మీద ఉన్న మనిషి. చేతిలోకి తీసుకుని ముందు తూకం చూశాడు, తర్వాత తీగ లాగి వదిలాడు.

"ఏందమ్మాయ్ ఇది, పిల్లల బొమ్మా?"

"కాదు బాబాయ్, వాయించేదే."

"చెక్క బానే ఉంది. మరీ పల్చన గదా, ఈ తీగల లాగుడికి ఆగుద్దా?"

సరైన ప్రశ్న. పైపలక మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. లోపల అడ్డంగా సన్న బద్దెలు అతికించి ఆపుతారు. బద్దెలు లావైతే పలక కదలదు, సన్నమైతే తీగలు పైకి లేపేస్తాయి. అమెరికాలో గిటార్లకు పేరుమోసిన మార్టిన్ కంపెనీ 1907లో మొదటిసారి యుకలేలేలు చేసినప్పుడు గిటారు లెక్కలోనే బద్దెలు బిగించిందట. అవి పలకలేదు. పల్చటి మహాగనితో, తక్కువ బద్దెలతో 1916 ప్రాంతంలో మళ్ళీ మొదలుపెట్టాకే అమ్ముడయ్యాయి. నా చేతిలో ఉన్నది ఎక్కడో చైనాలో చేసినదే అయినా, దాని కొలతలకు పెద్దదిక్కు ఆ మార్టినే.

నవంబర్ 21

శృతి నిలవడం లేదు. నైలాన్ తీగలు కొత్తలో సాగుతూనే ఉంటాయి. పొద్దున శృతి చేసి, కాఫీ తాగి వచ్చేసరికి పావు స్వరం దిగిపోయింది. ఇది లోపం కాదు. తీగను వేలితో నెమ్మదిగా పైకి లాగి, మళ్ళీ శృతి చేసి, మళ్ళీ లాగాలి. వారం పడుతుంది.

నవంబర్ 24, శుక్రవారం

ఇవాళ రాయాల్సింది చాలా ఉంది.

మెట్ల మీద వేలు పెట్టకుండా, నాలుగు తీగల్నీ ఒకదాని తర్వాత ఒకటి మీటుతూ కూర్చున్నాను. రెండో తీగను షడ్జమం అనుకుంటే మూడోది అంతర గాంధారం, పైతీగ పంచమం, కిందితీగ చతుశ్రుతి ధైవతం. స, గ, ప, ద. రిషభం ఒక్కటే లేదు. రెండో తీగ మీద రెండో మెట్టు నొక్కితే అదీ వచ్చింది. మోహనం! మనవాళ్ళ పిల్లలు సరళీ వరుసలూ అలంకారాలూ దాటి గీతాల్లోకి అడుగుపెట్టగానే నేర్చుకునే "వరవీణా" గీతం రాగం. హవాయి దీవుల వాయిద్యం ఖాళీ తీగల మీద మోహనం పట్టుకుని వచ్చింది.

పాశ్చాత్యులు ఈ నాలుగు ఖాళీ తీగల స్వరాల్ని సి సిక్స్ అనే పొందిక (కార్డ్) అంటారు. వాళ్ళకది స్వరాల గుంపు, ఒకేసారి మోగాలి. మన చెవికి అది రాగం, ఒకటొకటిగా రావాలి.

అక్కడితో ఆగలేదు. గ్రహభేదం గుర్తొచ్చింది. అవే అయిదు స్వరాలు, షడ్జమం మాత్రం మారుస్తూ పోవడం. రిషభాన్ని షడ్జమం చేస్తే మధ్యమావతి. గాంధారాన్ని చేస్తే హిందోళం. పంచమాన్ని చేస్తే శుద్ధసావేరి. ధైవతాన్ని చేస్తే శుద్ధధన్యాసి. మెట్లు మూడు దాటకుండానే అయిదు రాగాల ఛాయలు. శుద్ధసావేరికి షడ్జమం పైతీగ ఖాళీగానే ఇస్తుంది, అది ఐదో శృతి. నా గొంతుకు సరిపోయే శృతి అదే కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఉండిపోయాను. హిందోళానికి మూడో తీగ ఖాళీ స్వరం ఆధారం. దాని మీద నిలబడి పైకి రెండు తీగలూ తిరుగుతుంటే వరండాలో ఉన్న మా పిన్ని కూడా తల ఎత్తి చూసింది.

వీణ మీద ఇదంతా చెయ్యొచ్చు, ఇంతకన్నా బాగా చెయ్యొచ్చు. కానీ వీణ ముందు కూర్చోవడానికి ఒక వేళ కావాలి, చాప కావాలి, శృతి చేసే ఓపిక కావాలి. ఇది తలుపు పక్కన మేకుకు వేలాడుతుంది. అన్నం ఉడికేలోపు ఒక రాగంలోకి వెళ్ళి రావచ్చు. ఇంట్లో సంగీతం ఆగిపోయినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతోమంది ఉన్నారు. చిన్నప్పుడు నాలుగేళ్ళు నేర్చుకుని, పెళ్ళితోనో ఉద్యోగంతోనో మానేసినవాళ్ళు. ఈ పేజీ వాళ్ళను తలుచుకునే రాస్తున్నాను.

నవంబర్ 27, సోమవారం, కార్తీక పౌర్ణమి

తెల్లారకముందే వాడరేవు. ఇంటి నుంచి ఆరేడు కిలోమీటర్లే అయినా ఆటోలతో దారి కిక్కిరిసింది. సముద్రస్నానాలకు పల్లెలన్నీ కదిలి వచ్చాయి. నీళ్ళ అంచున ఇసుకలో దీపాలు.

ఒడ్డున జాలర్లు వలలు బాగుచేస్తున్నారు. ఒకాయన్ని అడిగి గాలపు తీగ వేళ్ళతో తడిమి చూశాను. నైలాన్ దారమే. నా యుకలేలే తీగలకూ దీనికీ పదార్థం ఒకటే, మందమూ దగ్గర దగ్గరే. ఒకప్పుడు యుకలేలేకు జంతువుల పేగుతో చేసిన తీగలు వేసేవాళ్ళు. తర్వాత నైలాన్ వచ్చింది. ఇప్పుడు చాలామంది వాయిద్యకారులు ఇష్టపడే ఫ్లోరోకార్బన్ కూడా చేపల గాలాల నుంచి వచ్చిందే. అది నైలాన్ కన్నా బరువైన పదార్థం. అందుకే అదే స్వరానికి సన్నటి తీగ చాలుతుంది, నాదం తేటగా ఉంటుంది, తేమ పీల్చదు. సముద్రం పక్కన ఉండేవాళ్ళకు ఆ చివరి మాట ముఖ్యం. తీగలు మార్చే రోజున అదే వేస్తాను.

నవంబర్ 29

ఈ వాయిద్యం ఎక్కడి నుంచి వచ్చిందో చదువుతున్నాను. 1879 ఆగస్టు 23న రావెన్స్‌క్రాగ్ అనే ఓడ హొనలులు రేవు చేరింది. అందులో పోర్చుగల్ వారి మదీరా దీవి నుంచి నాలుగు వందల మందికి పైగా మనుషులు, హవాయి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. తమ ఊరి చిన్న నాలుగు తీగల వాయిద్యాన్ని వెంట తెచ్చుకున్నారు. వచ్చినవాళ్ళలో ముగ్గురు చెక్కపని చేసేవాళ్ళు: మాన్యుయెల్ నూనెస్, అగుస్తో దియాస్, జోసే దో ఎస్పిరితో సాంతో. తోటపని ఒప్పందాలు తీరాక హొనలులులో కొట్లు పెట్టుకుని, అక్కడి కోవా చెక్కతో ఈ వాయిద్యాలు చేశారు. రాజు కలకవా దీన్ని తన కొలువులోకి పిలిచాడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనతో అమెరికా అంతటా పాకింది.

చెరకు తోటలు, ఒప్పందపు కూలీలు, ఓడలు. ఇది మనకు తెలియని కథ కాదు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరినప్పుడు అందులో తెలుగువాళ్ళు ఉన్నారు. మారిషస్‌కు అంతకుముందే వెళ్ళారు, ఫిజీకి ఆ తర్వాత వెళ్ళారు. వాళ్ళూ పాటలు, భజనలు, రామకథలు మోసుకెళ్ళారు. మదీరా కూలీల మూటలో ఉన్న వాయిద్యం మాత్రం ప్రపంచం చుట్టి, నూట నలభై ఏళ్ళకు పేరాలలో నా ఒడిలోకి వచ్చింది. కూలిపనికి పోయినవాళ్ళు చేసుకున్న వాయిద్యం కాబట్టి ఇది చవగ్గా ఉండటం దీనికి అవమానం కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. దీన్ని చవగ్గా చేస్తూనే మంచిగా చేసేవాళ్ళ మీద నాకు గౌరవం.

డిసెంబర్ 2, శనివారం

తీగలు మెట్ల మీద ఎత్తుగా ఉన్నాయి. మొదటి మెట్టు నొక్కితే వేలు నొప్పి, పైగా స్వరం కాస్త హెచ్చుగా పలుకుతుంది. పొట్టి మెడ కాబట్టి చిన్న తేడా కూడా వినిపిస్తుంది. మొత్తం తీగ పొడవు 35 సెంటీమీటర్లయితే మొదటి మెట్టు తల దగ్గరి నుంచి రెండు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. అక్కడ తీగను అవసరానికి మించి కిందికి నొక్కాల్సి వస్తే అది సాగి అపస్వరం అవుతుంది.

తల దగ్గర తీగలు కూర్చునే గాళ్ళు లోతు చెయ్యాలి. దానికి వాడే సన్న ఆకురాళ్ళ ఖరీదు వాయిద్యం ఖరీదులో సగం ఉంది. గ్యాస్ వెల్డింగ్ షాపులో నాజిల్ శుభ్రం చేసే సన్నటి గరుకు పుల్లల కట్ట దొరుకుతుంది, వందో రెండొందలో. అది తెచ్చాను. రెండు రుద్దులు, ఒకసారి చూడటం. పరీక్ష ఇదీ: తీగను మూడో మెట్టు వెనక నొక్కిపట్టి, మొదటి మెట్టు మీద ఎంత సందు ఉందో చూడాలి. వెంట్రుకవాసి ఉంటే చాలు. సందు అసలు లేకుండా చేస్తే తీగ మెట్టుకు కొట్టుకుని జరజరలాడుతుంది, ఇక ఆ గాళ్ళున్న ముక్కే మార్చాల్సిందే.

కింద గుర్రం మీద ఉండే తెల్లటి పట్టీని బయటికి తీసి, అడుగు భాగాన్ని బల్ల మీద పరిచిన గరుకు కాగితం మీద రుద్దాను. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఒక మిల్లీమీటరు దిగాలంటే ఇక్కడ రెండు మిల్లీమీటర్లు తీయాలి, ఎందుకంటే పన్నెండో మెట్టు సరిగ్గా నడుమ ఉంటుంది. మూడున్నర ఉన్నది రెండున్నరకు వచ్చింది.

ఈ పని అయ్యాక వాయిద్యం మారిపోయింది. చెక్క మంచిదా కాదా అని అంత పరీక్ష చేశాను గానీ, నిజానికి సొప్రానోకు ఈ సర్దుబాటు చెక్క కన్నా ముఖ్యం. మంచి చెక్కకు ఎత్తైన తీగలుంటే పిల్లలు మూడు రోజుల్లో మానేస్తారు.

డిసెంబర్ 4, సోమవారం

తుఫాను పేరు మిచాంగ్. నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందంటున్నారు. బడులకు సెలవు. రైళ్ళు వరసగా రద్దు. నిన్నటి నుంచి వాన ఆగలేదు. యుకలేలేను మేకు మీది నుంచి తీసి దాని పెట్టెలో పెట్టి, తేమ చూసే చిన్న మీటరు కూడా అందులో వేశాను. యుకలేలేకు నలభై నుంచి అరవై శాతం మధ్య హాయి. ఇప్పుడే ఎనభై దాటింది.

డిసెంబర్ 5, మంగళవారం

మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ కాసేపు గాలి చప్పుడు తప్ప ఏదీ వినపడలేదు. కరెంటు లేదు. ఫోన్లు లేవు. ఇల్లు నిలిచింది.

డిసెంబర్ 7, గురువారం

బాబాయ్ ఇంట్లో మగ్గం గుంట నిండా నీళ్ళు. కాళ్ళు పెట్టే తొక్కుడు కర్రలు తేలుతున్నాయి. పడుగు తడవకుండా పైకి చుట్టి కట్టేశాడు. బిందెలతో నీళ్ళు తోడుతుంటే మేమూ చెయ్యి వేశాం. గుంట ఆరేదాకా నేత లేదు, నేత లేకపోతే కూలి లేదు. పేరాలలో, జాండ్రపేటలో ఎన్ని గుంటలు ఇలా ఉన్నాయో. పొలాల సంగతి ఇంకా ఘోరం. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. మిరప, పొగాకు మొక్కలు ఊటకు వాలిపోయాయి.

తోడుతూ తోడుతూ ఆయనన్న మాట: "తేమ మాకు శత్రువేం కాదమ్మాయ్. గుంటలో కూర్చునేదే అందుకు. నేల చల్లదనానికి నూలు తెగదు. పడమటి గాలి కొడితే చూడు, గడియకో పోగు తెగుద్ది. ఇట్టా నిండితేనే చావు."

రాత్రి దీపం వెలుగులో పెట్టె తెరిచాను. మీటరు తొంభై దగ్గర. పైపలక గుర్రం వెనక కాస్త ఉబ్బింది, స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే తెలుస్తోంది. చెక్క పొడుగునా పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. పక్కలకు చోటు లేక పైకి లేస్తుంది. తీగలు మళ్ళీ ఎత్తయ్యాయి. మీటితే నాదం మందంగా, దగ్గరే ఆగిపోతోంది. మెట్ల కొసల గరుకు మాత్రం పూర్తిగా పోయింది.

ప్లైవుడ్‌దైతే ఇంత కదలిక ఉండేది కాదు. పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కాబట్టి ఒకటి పెరగబోతే రెండోది ఆపుతుంది. అసలు చెక్క కొనుక్కున్నవాళ్ళు ఈ ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

డిసెంబర్ 13

మందు సీసాల్లో, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగేసి పెట్టెలో వేశాను. ఎండలో పెట్టలేదు. ఎండలో ఒక్కసారిగా ఆరితే అతుకులు వీడతాయి. తీగలు సగం వదులు చేసి ఉంచాను. మీటరు అరవై అయిదుకు వచ్చింది. ఉబ్బు తగ్గింది. నాదం తిరిగి వచ్చింది.

బాబాయ్ గుంటలో ఇంకా చెమ్మే.

డిసెంబర్ 20

ధనుర్మాసం. పొద్దున్నే హరిదాసు వచ్చాడు. తల మీద అక్షయపాత్ర, ఒక చేత్తో తంబుర, ఇంకో చేత్తో చిడతలు. ఇంటిముందు ముగ్గు చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఆయన తంబుర ఎప్పటి నుంచి ఎండకూ మంచుకూ తిరుగుతోందో!

డిసెంబర్ 23, శనివారం

చర్చిలో గిటారు వాయించే కుర్రాడు, మా వీధి చివర ఉంటాడు. క్యారల్స్‌కు వాడూ, వాడి జట్టూ వీధులు తిరిగి రాత్రి పది దాటాక మా అరుగు మీద ఆగారు. "అక్కా, ఒకసారి ఇయ్యవా" అని తీసుకున్నాడు. రెండు నిమిషాల్లో వాయించేశాడు. గిటారులో కింది నాలుగు తీగల్ని ఐదో మెట్టు దగ్గర పట్టుకుంటే వచ్చేవి ఇవే స్వరాలు, పైతీగ మాత్రం ఇక్కడ ఒక స్థాయి హెచ్చు. అందుకే గిటారు వచ్చినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఒక వేలితో ఒక పొందిక, రెండు వేళ్ళతో మరొకటి. జనం చప్పట్లు కొడుతూ పాడుతుంటే ఇంత చిన్న వాయిద్యమూ మధ్యలోంచి చక్కగా వినపడింది. సొప్రానో సత్తా అక్కడుంది. లావు లేదు, కానీ గుంపులోంచి దూసుకొస్తుంది.

డిసెంబర్ 30

గమకం. దీని గురించి తప్పించుకోకుండా రాయాలి.

వీణ మీద తీగను మెట్టు మీద పక్కకు లాగితే మూడు నాలుగు స్వరాల దూరం పోవచ్చు. లోహపు తీగ, నిండైన పనస కుండ, చాలాసేపు నిలిచే నాదం. యుకలేలేలో తీగ పొట్టి, బిగువు తక్కువ, నైలాన్. పక్కకు ఎంత లాగినా అర స్వరం కూడా కష్టం. మీటిన నాదం ఒకటి రెండు సెకన్లలో అణిగిపోతుంది. తోడి, శంకరాభరణం లాంటివి దీని మీద ఎత్తుకోవడం వాటికి అన్యాయం. జారుడు మాత్రం వస్తుంది, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు నొక్కిన వేలు ఎత్తకుండా. మోహనం, హిందోళం లాంటి వాటికి అది కొంతవరకు చాలుతుంది.

ఇక్కడ పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గుర్తుకు రాకుండా ఉండడు. 1969లో పుట్టి, పసితనంలోనే మాండొలిన్ పట్టి, పరదేశపు చిన్న వాయిద్యం మీద కర్ణాటక సంగీతం మొత్తం పలికించి, 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడితే విని, దాన్నే వేళ్ళ మీదికి తెచ్చుకున్నాడు. గమకం కోసం ఆయన వాయిద్యాన్నే మార్చుకున్నాడు. జంట తీగలు వదిలి ఒంటి తీగలు, నాలుగుకు బదులు అయిదు, ఎలక్ట్రిక్ మాండొలిన్. నాదం నిలిస్తేనే గమకం నిలుస్తుంది. అంతకుముందే ద్వారం వెంకటస్వామి నాయుడు తరం వయొలిన్‌ను ఎంత మనదాన్ని చేసిందంటే, అది బయటి నుంచి వచ్చిందన్న సంగతే ఇప్పుడు పిల్లలకు గుర్తు చెయ్యాలి.

హవాయి నుంచే వచ్చిన ఇంకో వాయిద్యం, ఒడిలో పడుకోబెట్టి ఉక్కు కడ్డీతో జరిపే గిటారు, మన దేశంలో బ్రహ్మాండంగా పాతుకుంది. రేడియోలో సినిమా పాటల బాణీలు హవాయి గిటారు మీద విననివాళ్ళు మా తరంలో లేరు. అది జారుతుంది, నిలుస్తుంది, కాబట్టి మనవాళ్ళ చెవికి వెంటనే ఎక్కింది. యుకలేలే అలా జారదు, అందుకే ఆలస్యమైందని నా నమ్మకం. దీన్ని వీణతో పోల్చి తక్కువ చెయ్యకూడదు. దీని పని వేరు: పాడుకుంటూ వాయించుకోవడం. గమకం గొంతు పాడుతుంది, తీగ ఆధారం ఇస్తుంది. పాటకు నడకా, శృతీ రెండూ ఒక్క చేతిలోనే దొరుకుతాయి.

జనవరి 7, 2024, ఆదివారం

తెలిసినవాళ్ళ అబ్బాయి దగ్గర ప్లైవుడ్ యుకలేలే ఉంటే ఒక పూట అరువు తెచ్చాను. రెండూ సొప్రానోలే. నా తీగల లాంటివే దానికీ వేసి, అక్కచెల్లెళ్ళను నిలబెట్టినట్టు పక్కపక్కన పెట్టి వాయించాను. చెప్పకుండా వినిపిస్తే ఇంట్లో అందరూ తేడా పట్టారు, కానీ అందరికీ ఒకటే నచ్చలేదు. ప్లైవుడ్‌ది చురుగ్గా, గట్టిగా, కొంచెం డబ్బా మోతతో. అసలు చెక్కది మెత్తగా, స్వరం మొదలయ్యాక కాస్త విచ్చుకుంటూ. పైతీగ, కిందితీగ కలిపి మీటినప్పుడు తేడా బాగా తెలుస్తుంది. చెక్కలో అవి రెండూ కలుస్తాయి, ప్లైవుడ్‌లో విడివిడిగా నిలబడతాయి. మా పిన్ని మాత్రం గట్టిగా వినపడేదే మంచిదంది. ఆమెకు చెవులు కాస్త మందం, ఆమె మాటా నిజమే.

ఇంకో తేడా ఎక్కడా రాయగా చూడలేదు. అసలు చెక్క పొట్ట మీద ఆని ఉన్నప్పుడు ఒంటికి తెలుస్తుంది. మీటిన ప్రతిసారీ పక్కటెముకల దగ్గర సన్నటి అదురు.

జనవరి 14, ఆదివారం, భోగి

మా చెల్లెలి కూతురు వచ్చింది, ఎనిమిదేళ్ళది. "పెద్దమ్మా, నాకు ఇస్తావా?" అని అడిగి, ఇచ్చేలోపే పట్టుకుంది. సొప్రానో పిల్లల చేతికి కొలిచినట్టు సరిపోతుంది. పెద్దవాళ్ళ వేళ్ళకు మెట్ల మధ్య ఇరుకు, వాళ్ళకు సుఖం. ఖాళీ తీగలు మీటడం చూపించి, రిషభానికి ఒక్క వేలు ఎక్కడ పెట్టాలో చెప్పాను. సాయంత్రానికి గొబ్బెమ్మల పాట బాణీ తనే వెతుక్కుంది. అయిదు స్వరాల్లో ఇమిడే పాట. అది రాగమని దానికి చెప్పలేదు, పేరు తర్వాత తెలుస్తుంది.

జనవరి 16, కనుమ

పొద్దున బాబాయ్ వాళ్ళింట్లో మగ్గం మళ్ళీ మొదలైంది. తుఫాను తర్వాత గుంట పూర్తిగా ఆరి, కొత్త పడుగు ఎక్కించాడు. మధ్యాహ్నం మొత్తం ఆ దెబ్బ లయ మీద నేను మధ్యమావతి వాయించాను.

జనవరి 21, ఆదివారం

కొందామనుకుని అడిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళకు చెప్పిన మాటలే ఇక్కడ రాసి పెడుతున్నాను.

రంధ్రం అంచు చూసి చెక్క సంగతి తేల్చుకోండి. మీది సముద్రం పక్క ఊరై, పెట్టె, సిలికా పొట్లాలు, తేమ మీటరు చూసుకునే ఓపిక లేకపోతే ప్లైవుడ్‌దే తీసుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఓపిక ఉంటే అసలు చెక్కదే తీసుకోండి. ఏది కొన్నా ముందు మొదటి మెట్టు దగ్గర తీగ ఎత్తు చూడండి. పన్నెండో మెట్టు నొక్కి మీటితే ఖాళీ తీగ స్వరానికి సరిగ్గా పై షడ్జమం పలుకుతోందో లేదో చెవితో సరిచూసుకోండి. పలకకపోతే ఎంత నచ్చినా వెనక్కి పంపండి. ఎండలో, కారులో, వంటగట్టు పైన పెట్టొద్దు. వారం దాకా శృతి దిగితే కంగారుపడొద్దు.

చిన్నప్పుడు సంగీతం నేర్చుకుని మానేసినవాళ్ళు దీనికి కొత్త పాఠం ఏమీ వెతుక్కోనక్కర్లేదు. రెండో తీగ షడ్జమం చేసుకుని, మీకు వచ్చిన మోహన గీతంతోనే మొదలుపెట్టండి.

పదివేల లోపు పెట్టి కొన్న ఈ వాయిద్యం ఒక తుఫానును దాటింది. అతుకు ఒక్కటీ వీడలేదు, శృతి ఇప్పుడు రోజంతా నిలుస్తోంది. ఈ ధరకు ఇది మంచి వాయిద్యం. మా చెల్లెలి కూతురికి కొనిచ్చేటప్పుడు కూడా ఇదే రకం కొంటాను.